చెంచా లేని వారం

మా ముందుగదిలో బల్ల ఇప్పుడు గోడకే ఆనుకుని ఉంటోంది. ఇదివరకు బడి వదిలే వేళకి దాన్ని గది మధ్యకి లాగడం నా పని. లాగి లాగి దాని కాళ్లు రాసుకుని నేల మీద చారలు పడ్డాయి. ఎంత రుద్దినా పోవు. బల్లకి అవతల ఒక కుర్చీ, ఇవతల ఒక కుర్చీ వేసేదాన్ని. అవతల కుర్చీలో నేను కూర్చోవాలి. ఇవతల కుర్చీలో హైస్కూల్లో ఆఖరి క్లాసు చదివే పిల్లో పిల్లాడో కూర్చోవాలి. ఆ పిల్లల వీపు వెనక, వంటింటి గడపలో, ముక్కాలిపీట మీద మా వదిన. ఆవిడ చేతిలో ఒక చెంచా, పక్కన బోర్లించిన స్టీలు గ్లాసు.

ఇప్పుడు ఆ వేళకి కిటికీ దగ్గర ఊరికే నిలబడుతున్నాను. బడి గంట మా వీధిలోకి వినపడుతుంది. చెయ్యి దానంతటదే బల్ల అంచు దాకా వెళ్లి వెనక్కి వస్తుంది.

వదిన అంటే మా ఆయనకి అక్క. పెళ్లి చేసుకోలేదు. మాతోనే ఉండేది. నిజం చెప్పాలంటే మేమే ఆవిడతో ఉండేవాళ్లం, ఎందుకంటే నేను ఈ ఇంటికి వచ్చేసరికి ఇంట్లో ప్రతి గిన్నెకీ ఆవిడ పెట్టిన చోటు ఉంది. హైస్కూల్లో లెక్కలు చెప్పేది. అది కాక ఇంకో పని హెడ్మాస్టరు ఆవిడ నెత్తిన పెట్టాడు. ఆఖరి క్లాసు పిల్లలకి బడి అయ్యాక ఏమిటి అన్నది చూడడం. ఏ కాలేజీకి ఎవరు సరిపోతారు, చదవలేనివాళ్లు ఏ పని నేర్చుకోవాలి, ఇంటర్వ్యూకి పిలిస్తే ఎలా కూర్చోవాలి, ఏం అడిగితే ఏం చెప్పాలి. జీతం పెరగదు, సెలవులు మాత్రం తగ్గుతాయి అని మిగతా టీచర్లందరూ మెల్లగా జారుకున్నారు. వదిన జారుకోవడం చేతకాని మనిషి. సాయంత్రం అయితే బడికి తాళం వేసేస్తారు కాబట్టి పిల్లల్ని ఇంటికి రమ్మనేది.

మొదట్లో నన్ను ఆ ఆఫీసరు కుర్చీలో కూర్చోమంటే సిగ్గుతో చచ్చిపోయాను. నేను ఐదో క్లాసు దాటనిదాన్ని. పిల్లలు నవ్వుతారు వదినా అన్నాను.

"నవ్వనీ. నీ మొహం చూస్తే నువ్వేం అనుకుంటున్నావో ఎవడికీ తెలీదే. ఆఫీసర్లందరికీ అదే మొహం. వాళ్లు కష్టపడి తెచ్చుకున్నారు, నీకు పుట్టుకతో వచ్చింది" అంది.

అలా నేను ఆఫీసరునయ్యాను. అడగాల్సినవి ఆవిడే నేర్పింది. నీ గురించి చెప్పు. ఇక్కడికే ఎందుకొచ్చావు. రేపు కష్టమొస్తే ఏం చేస్తావు. వంట చేస్తూ వాటిని వల్లె వేసుకునేదాన్ని. మా ఆయన బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. పని నుంచి వచ్చి, నల్లబడ్డ చేతులతో గుమ్మంలో నిలబడి, "ఆఫీసరుగారూ, ఒక టీ దొరుకుతుందా, దానికీ ఇంటర్వ్యూ ఉందా?" అనేవాడు. ఎదురుగా కూర్చున్న పిల్ల కిసుక్కున నవ్వేది. వెనకనుంచి వదిన గ్లాసు మీద టింగ్ మనిపించేది. ఆ టింగ్ తమ్ముడికి.

మామూలుగా అయితే ఆ టింగ్ పిల్లలకి. దానికి ఒకటే అర్థం. చాలు, అక్కడ ఆపు. ఆవిణ్ణి బళ్లో టింగు టీచర్ అనేవాళ్లు. ఆవిడకీ తెలుసు. "పేరు బానే ఉంది, గంట కొట్టే ప్యూను కంటే ఒక మెట్టు పైన" అనేది.

చెంచా ఎందుకు, నోటితో చెప్పొచ్చుగా అని ఒకసారి అడిగాను. మధ్యలో మాటతో ఆపితే పిల్ల బెదిరిపోతుంది, చెంచాతో ఆపితే నవ్వుకుని ఆగుతుంది అని చెప్పింది. వెనక ఎందుకు కూర్చుంటావు అంటే, ముందు కూర్చుంటే జవాబు చెబుతూ నా మొహం చూస్తారు, అక్కడ నా మొహం ఉండదుగా అంది. ఆ తర్వాత తన సంగతి కూడా చెప్పింది. చదువు అయిపోయిన కొత్తలో ఒక బ్యాంకు ఉద్యోగానికి వెళ్లిందట. మొదటి జవాబు బ్రహ్మాండంగా చెప్పిందట. అంతటితో ఊరుకోక ఇంకో మాట, దాని మీద ఇంకో మాట. చివరికి మా నాన్నకి ఆరోగ్యం బాగాలేదు, తమ్ముడు చిన్నవాడు, ఎప్పుడు సెలవు పెట్టాల్సి వస్తుందో తెలీదు అని తనంతట తానే చెప్పుకొచ్చిందట. ఉద్యోగం రాలేదు. "ఎక్కడ మొదలెట్టాలో అందరూ నేర్పుతారే. ఎక్కడ ఆపాలో ఎవరూ నేర్పరు. పెళ్లి మాట వచ్చినప్పుడూ అంతే. ఆయన ఒకటి అడిగాడు, నేను పది చెప్పాను. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు" అని నవ్వింది. ఆ నవ్వులో నాకు బాధేమీ కనపడలేదు. ఉంటే అప్పటికే గ్లాసు కింద బోర్లించేసి ఉంటుంది.

అయితే ఆవిడ పద్ధతిలో అసలు కిటుకు చెంచా కాదు. చెంచా తీసెయ్యడం. ఇంటర్వ్యూకి వారం ముందు చెంచా అలమరలోకి వెళ్లిపోయేది. ఆవిడ ఉత్త చేతులతో గడపలో కూర్చునేది. పిల్లలు జవాబు చెప్పి, టింగ్ కోసం చెవి వెనక్కి పెట్టేవాళ్లు. అది రాదు. కొందరు తడబడేవాళ్లు. కొందరు కట్ట తెగినట్టు మాట్లాడేవాళ్లు. వదిన కదిలేది కాదు. వెనక్కి వినే ఆ చెవిని చంపడానికే ఈ వారం అనేది. రెండు మూడు రోజులకి తడబాటు తగ్గేది. వారం ఆఖరికి ఎక్కడ ఆగాలో అక్కడ తమంతట తామే ఆగేవాళ్లు. "లోపల మోగింది" అని వదిన నా వైపు చూసి తల ఊపేది. దాన్ని మేం చెంచా లేని వారం అనుకునేవాళ్లం.

ఇంకొకటి ఉంది, నల్ల బూట్లు. ఇంటర్వ్యూకి చెప్పులతో పోకూడదని వదిన ఒక జత కొని పెట్టింది. చిన్న కాళ్లకి ముందు దూది కుక్కేవాళ్లం, పెద్ద కాళ్లు వేళ్లు ముడుచుకునేవి. ఇంటర్వ్యూ రోజు పొద్దున్న పిల్ల మా ఇంటికొచ్చి, చెప్పులు బల్ల కింద వదిలి, ఆ బూట్లు వేసుకుని వెళ్లేది. సాయంత్రం బూట్లు విప్పి, చెప్పులు తొడుక్కుని ఇంటికి పోయేది. ఆ వేళే నేను వాటిని తుడిచి పాలిష్ పెట్టాలి. "రేపు ఎవరి కాలు వస్తుందో తెలీదు. బూట్లు తుడవకుండా పడుకోకు" అని వదిన నియమం. నడుం నొప్పి ఉన్న రోజున కూడా నేను తప్పించుకోలేదు. ఆ బూట్లలో వెళ్లినవాళ్లలో ఇవాళ ఒకతను కోర్టులో టైపు చేస్తాడు, ఒకమ్మాయి కళ్లద్దాల దుకాణంలో కళ్లు చూస్తుంది. వాళ్లు రోడ్డు మీద కనపడితే నా కళ్లు ముందు వాళ్ల కాళ్ల మీదకే పోతాయి.

వదిన గొంతు బొంగురు పోవడం మొదలైనప్పుడు సుద్దముక్కల దుమ్ము అనుకున్నాం. వేడినీళ్లు తాగింది. మా ఆయన, ఇన్నేళ్లు అరిచిన అరుపులకి గొంతు సెలవు పెట్టిందక్కా అని ఆట పట్టించాడు. సెలవు పెట్టిన గొంతు తిరిగి రాలేదు. డాక్టరు లోపల గొట్టం పెట్టి చూసి, పుండు చెడ్డదని, మాట పుట్టే చోటునే తీసేయాలని చెప్పాడు. తీస్తే బతుకుతుందా అంటే, తీయకపోతే బతకదు అన్నాడు. ఆ రెండిటికీ తేడా ఉందని మాకు తర్వాత తెలిసింది.

ఆపరేషన్‌కి ముందురోజు ఆస్పత్రి మంచం పక్కన మేమిద్దరం కూర్చున్నాం. ఏమైనా చెప్పాలంటే ఇవాళే చెప్పాలి అని ముగ్గురికీ తెలుసు. చివరికి మా ఆయన, నన్ను ఒకసారి పిలువక్కా అన్నాడు.

"ఒరేయ్" అంది వదిన.

ఆయన లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. చాలాసేపటి దాకా లోపలికి రాలేదు.

వదిన గొంతు దగ్గర చిన్న రంధ్రంతో, దాని మీద పల్చటి గుడ్డతో ఇంటికొచ్చింది. బళ్లో లెక్కలు ఇంకొకరికి అప్పజెప్పారు. సాయంత్రాలు మాత్రం నావే అన్నట్టు, లేచి నడవగలిగిన రోజునే గడపలో ముక్కాలిపీట వేసుకుంది. పిల్లలు మాత్రం తగ్గిపోయారు. మాటే రాని మనిషి మా పిల్లలకి మాటేం నేర్పుతుంది అని ఒకరిద్దరు తల్లులు అన్నట్టు నా చెవిన పడింది. ఆవిడ చెవిన పడకుండా చూసుకున్నాను. చివరికి ఒక్క పిల్లే మిగిలింది.

కుళాయి మేస్త్రి రెండో కూతురు. క్లాసులో ఆ పిల్లని రాయి అని పిలిచేవాళ్లు. ఏం అడిగినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుందని. తల్లి ఏడాదికి పైగా మంచం పట్టి పోయింది. ఆ ఏడాదంతా తల్లిని చూసుకున్నది ఈ పిల్లే. పెద్దది అప్పటికే పెట్టెలు కట్టే షెడ్డులో పనికి పోతోంది. ఈ పిల్లకి నర్సు చదువు చదవాలని ఉంది. ఊరి పెద్దాస్పత్రికి ఆనుకుని ఆ కాలేజీ ఉంది. మార్కులు సరిపోయాయి. ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది.

మేస్త్రి ఒకరోజు పనిసంచీతోనే వచ్చి, గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. "ఒక్కసారి చూద్దాం టీచరమ్మా. సీటొస్తే దాని అదృష్టం. రాకపోతే షెడ్డులో అక్క పక్కన చోటుంది, వాళ్లు అడుగుతున్నారు. రెండోసారి ఎదురుచూసే ఓపిక నాకు లేదు."

కోపంగా చెప్పలేదు. అలిసిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పాడు. వదిన సరే అని గ్లాసు మీద ఒకసారి కొట్టింది. ఆయన బిక్కమొహం వేశాడు. సరే అంటోందండీ అని నేను చెప్పాల్సి వచ్చింది.

మొదట్లో ఆ పిల్ల వచ్చేది, కూర్చునేది, నేను అడిగేదాన్ని, ఆ పిల్ల బల్ల చెక్క మీద గీతల్ని చూసేది. మా ఆయన గుమ్మంలోంచి చూసి, "ఒకరికి గొంతు లేదు, ఒకరికి నోరు లేదు, మధ్యలో మా ఆవిడకి రెండూ ఉన్నా లేనట్టే. ఇంతకీ ఎవరు ఎవరిని ఇంటర్వ్యూ చేస్తున్నారు?" అన్నాడు. ఆ పిల్ల పెదవి కొంచెం కదిలింది. అది చూసి ఆయన రోజూ ఏదో ఒకటి అనడం మొదలుపెట్టాడు. చెణుకులన్నీ అయిపోయాక పాతవే మళ్లీ చెప్పాడు.

ఒక సాయంత్రం, ఇక్కడికే ఎందుకొచ్చావు అని నేను మామూలుగా అడిగాను. ఆ పిల్ల తల ఎత్తింది.

"మా అమ్మ మంచం మీద ఉన్నప్పుడు పక్కకి తిప్పడం నాకు సరిగ్గా చేతకాలేదు. తిప్పిన ప్రతిసారీ ఆవిడకి నొప్పి పుట్టేది. అది సరిగ్గా ఎలా చెయ్యాలో నేర్చుకుందామని వచ్చాను."

టింగ్.

నేను గడప వైపు చూశాను. వదిన కళ్లనిండా నీళ్లు. ఇంతకంటే మంచి జవాబు ఆ బల్ల ముందు ఎవరూ చెప్పలేదు, చెప్పరు కూడా. దానికి ఒక్క మాట చేర్చినా పాడైపోతుంది. ఆ సంగతి నాలాంటిదానికే తెలిసింది, వదినకి తెలియదా.

ఆ రోజునుంచి రాయి కరిగింది. మిగతా ప్రశ్నలకీ జవాబులొచ్చాయి. ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ అదే జవాబు, ఆఖరి మాట పూర్తి కాగానే టింగ్. అయితే టింగ్ తర్వాత కూడా ఆ పిల్ల నోరు ఒక్క క్షణం తెరుచుకునే ఉండేది. లోపల ఇంకేదో ఉన్నట్టు. తర్వాత మూసుకునేది. వదినకి వెనకనుంచి జడ మాత్రమే కనపడేది.

ఇంటర్వ్యూకి వారమే మిగిలింది. ఎప్పటిలా చెంచా అలమరలో పెట్టేశాను. వదిన వచ్చి పీట మీద కూర్చుని, పక్కన వెతికింది. లేచి అలమర తెరిచి చెంచా తెచ్చుకుంది. చెంచా లేని వారం కదా వదినా అన్నాను. ఆవిడ పెదవులు కదిపితే మాట పోల్చుకోవడం అప్పటికి నాకు అలవాటైంది. "రేపటినుంచి" అంది.

రేపు వచ్చింది. "రేపటినుంచి" అంది మళ్లీ. ఆ మర్నాడు నేను అడగలేదు.

ఎలా అడుగుతాను. అప్పటికి ఆ చెంచా పిల్లల కోసమే కాదు. మంచినీళ్లు కావాలంటే మంచం కోడు మీద చెంచా. తమ్ముడు ఆలస్యంగా వస్తే గ్లాసు మీద చెంచా. నా మీద విసుగొస్తే పళ్లెం మీద చెంచా, ఆ విసుగు కూడా మోతలో తెలిసిపోయేది. ఒకరోజు మా ఆయన ఏదో అన్నదానికి చెంచాతో గబగబా టకటకలాడించింది. అక్క నవ్వుతోందే అన్నాడు ఆయన, మొహం వెలిగిపోయి. రాయమని పలక ఇచ్చినా పక్కన పెట్టేసింది. ఆవిడకి మిగిలిన గొంతు ఆ చెంచానే. ఒక గొంతు ఆస్పత్రిలో వదులుకుని వచ్చింది. ఇంకో గొంతు మా వంటింటి గడపలో వదులుకొమ్మని ఎవరు చెబుతారు?

ఆ వారమంతా చెంచా మోగుతూనే ఉంది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్న ఆ పిల్ల వచ్చి చెప్పులు బల్ల కింద వదిలింది. బూట్లు కాళ్లకి అచ్చంగా సరిపోయాయి, దూది అక్కర్లేకపోయింది. వదిన ఆ పిల్ల కాలరు సర్దింది, జడ ముందుకి పడితే వెనక్కి వేసింది. వీధిలోకి దిగుతుంటే తలుపు చట్రం మీద చెంచాతో ఒక్కటి కొట్టింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి పళ్లన్నీ కనపడేలా నవ్వింది. ఆ పిల్ల పళ్లు చూడడం నాకు అదే మొదటిసారి.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. వదిన పీట మీదనుంచి లేవలేదు. బస్సు వచ్చే వేళ దాటిపోయింది. తర్వాతి బస్సూ వెళ్లిపోయింది. చాలాసేపటికి ఆ పిల్ల తడిసి ముద్దయి వచ్చింది. బస్సెక్కబుద్ధి కాక అంతదూరం నడిచొచ్చిందట. బూట్లు బురదలో ముంచి తీసినట్టున్నాయి. తువ్వాలు ఇస్తే తీసుకుని ఒళ్లో పెట్టుకుంది గానీ తుడుచుకోలేదు. ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. నేను కూడా ఏం తోచక నా కుర్చీలోనే కూర్చున్నాను.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు ఉన్నారట. మధ్యలో పెద్దావిడ అడిగిందట, అదే ప్రశ్న. తను అదే జవాబు చెప్పిందట. ఒక్క మాట పొల్లు పోలేదట.

"ఆవిడ తల వంచుకుని రాసుకుంటోందాంటీ. మిగతా ఇద్దరూ ఏం అనలేదు. నేను ఆగి విన్నాను. చప్పుడు రాలేదు. ఇంకా చాల్లేదేమో అనుకున్నా."

అందుకని ఇంకా చెప్పిందట. అమ్మ పిలుస్తుంటే వినపడనట్టు పడుకున్న సంగతి చెప్పింది. పక్క బట్టలు మార్చేటప్పుడు వాసనకి వాంతి వస్తే అమ్మ చూసిందని, చూసి మొహం గోడవైపు తిప్పుకుందని చెప్పింది. అమ్మ మీద కోపమొచ్చేదని చెప్పింది.

"త్వరగా పోతే బాగుండునని ఒకసారి అనుకున్నానని కూడా చెప్పేశాను. ఇప్పుడు ఎవరు మంచం మీద పడుకున్నా భయమేస్తుందని చెప్పాను. ఆగుదామంటే ఎక్కడ ఆగాలో తెలీలేదాంటీ." వెనక్కి తిరిగి గడప వైపు చూసింది. "మీరు కొట్టుంటే ఆగిపోయేదాన్ని టీచర్."

నిష్ఠూరం కాదు అది. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. అందుకే అంత లోతుగా దిగింది.

ఆ పెద్దావిడ మంచిదేనట. లేచి వచ్చి మంచినీళ్లు ఇచ్చిందట. "నువ్వు ముందు కాస్త కుదుటపడు తల్లీ. ఇక్కడ రోజూ ఆ మంచాలే" అని భుజం తట్టి పంపించిందట.

వదిన లేచింది. మెల్లగా నడుచుకుంటూ వచ్చి, చేతిలో చెంచా బల్ల మీద, ఆ పిల్ల ముందు పెట్టింది. తడి జుట్టు మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ పిల్ల బూట్లు విప్పి, పక్కపక్కనే సర్ది, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం బూట్లు తుడవమని నాకెవరూ చెప్పలేదు.

కాలేజీ గోడ మీద పేర్లు అంటించిన రోజున అందులో ఆ పిల్ల పేరు లేదు. మేస్త్రే వచ్చి చెప్పాడు. ఈసారి లోపలికి వచ్చాడు. మీ తప్పేం లేదు టీచరమ్మా, దాని రాత అని గది వైపు చూసి కాస్త గట్టిగానే అన్నాడు. వినపడాలని అన్నాడు పాపం. వెళ్లబోతూ మా వంటింటి కుళాయి కారుతుంటే చూసి, అడక్కుండానే సంచీ దించి, లోపలి రబ్బరు బిళ్ల మార్చి వెళ్లాడు. ఎన్నాళ్లనుంచో ఆ కుళాయి టపటపమంటూ ఉండేది. అదీ ఆగిపోయేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది.

వదిన ఆ చెంచా మళ్లీ ముట్టుకోలేదు. తలగడ పక్కన పెడితే పక్కకి నెట్టింది. వేరే చెంచా పెట్టాను, దాన్నీ నెట్టింది. దాహమైనా పిలిచేది కాదు. ఆవిడ పిలవదని తెలిశాక నేనే ఊరికే వెళ్లి తొంగిచూసి వచ్చేదాన్ని. ఒక్కోసారి పెదాలు ఎండిపోయి కళ్లు తెరుచుకుని పడుకుని ఉండేది. మా ఆయన పని నుంచి వచ్చి మంచం దగ్గర కూర్చుని, అక్కా ఒకసారి కొట్టు, నన్ను తిట్టడానికైనా కొట్టు అని బతిమాలేవాడు. ఆవిడ ఆయన చెయ్యి తీసుకుని, వేళ్లకి అంటిన నలుపుని బొటనవేలితో రుద్దుతూ ఉండేది. కొట్టలేదు.

ఒకరోజు నేను పక్క సర్దుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "ఆ వారం" అన్నాయి పెదవులు.

నాకు అర్థమైంది. ఏదో ఒకటి అనాలని, పోనీలే వదినా, ఆ పిల్ల మనసులో మగ్గుతున్నది బయటికి వచ్చింది, అదీ మంచిదేగా అన్నాను.

తల అడ్డంగా ఊపింది. నిదానంగా, నాకు ఒక్క మాట కూడా పోకుండా, పెదవులు కదిపింది.

"అక్కడ కాదు. ఇక్కడ రావాలి. నేనే రానివ్వలేదు."

నేను తలగడ సర్ది, నీళ్ల గ్లాసు అందించాను. చెంచా లేని వారం జరిగి ఉంటే ఆ మాటలన్నీ మా ముందుగదిలో, నా ముందు, వాన రాని సాయంత్రం ఏదో ఒకదాంట్లో వచ్చి ఉండేవి. ఏడ్చేది. మా ఆయన టీ అడిగేవాడు. మర్నాడు మళ్లీ వచ్చి కూర్చునేది.

వానలు వెళ్లకముందే వదిన వెళ్లిపోయింది. పుండు మళ్లీ వచ్చిందన్నారు డాక్టర్లు. అది నిజమే అయి ఉంటుంది. బళ్లో పిల్లలందరినీ నిలబెట్టి హెడ్మాస్టరు మాట్లాడాడట. ఎందరో పిల్లలకి గొంతునిచ్చిన మనిషి అన్నాడట. ఆ మాట మా ఆయన ఇంటికొచ్చి నాకు చెప్పి, మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. ఈ మధ్య ఆయన గుమ్మంలో నిలబడి టీ అడగడం లేదు. నేనిచ్చినప్పుడు తాగుతున్నాడు. వదిన చేసిన పని బళ్లో ఎవరికీ అప్పజెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మొన్న సాయంత్రం తలుపు చప్పుడైంది. ఆ పిల్ల. షెడ్డువాళ్లు ఇచ్చిన నీలం కోటు వేసుకుని ఉంది. వేళ్లకి పెట్టెలకంటించే జిగురు తెల్లగా ఎండి ఉంది. ఇటుగా వెళ్తూ వచ్చానాంటీ అంది. షెడ్డునుంచి వాళ్లింటికి దారి ఇటు కాదు.

నాకేమనిపించిందో, బల్ల గది మధ్యకి లాగాను. రెండు కుర్చీలు వేశాను. ఇవతల కుర్చీలో ఆ పిల్ల కూర్చుంది. గడపలో పీట ఖాళీగా ఉంది. చెంచా లేదు, గ్లాసు లేదు. ఈ పిల్ల ఎంతసేపు మాట్లాడితే అంతసేపు వినాలనుకున్నాను. పొయ్యి మీద పాలు పొంగిపోయినా లేవకూడదనుకున్నాను.

"ఎలా ఉన్నావు?"

"బాగున్నానాంటీ."

ఇంకా ఉందేమోనని చూశాను. లేదు.

"పని ఎలా ఉంది?"

"అలవాటైంది."

"అమ్మ గుర్తొస్తుంటుందా?"

ఆ పిల్ల బల్ల చెక్క మీద గీతల్ని చూసింది.

"వస్తుంది."

అంతే. ఇదివరకు టింగ్ తర్వాత కూడా కాస్త తెరుచుకుని ఉండే నోరు, ఇప్పుడు మాట అవుతూనే మూసుకుపోయింది. చెవి వెనక్కి పెట్టలేదు. గడప వైపు చూడలేదు. ఎక్కడ ఆగాలో ఇప్పుడు ఆ పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. లోపల మోగుతోంది. వదిన చూసి ఉంటే ఏమయ్యేదో అనుకుని, చూడకపోవడమే మేలు అనుకున్నాను. ఆ మేలు తలుచుకుంటే ఏడుపొచ్చింది. నా మొహం ఎప్పటిలాగే ఉంది కాబట్టి ఆ పిల్లకి తెలియలేదు.

టీ తాగి, లేచి, చెప్పుల కోసం వంగినప్పుడు గోడవార, బల్ల ఉండే చోట, బూట్లు కనిపించాయి. ఆ రోజు విప్పి సర్దినట్టే ఉన్నాయి. బురద ఎండి, బీటలు వారి, అంచుల్లో పొడిపొడిగా రాలుతోంది.

"ఇవి ఇంకా ఇలాగే ఉన్నాయా ఆంటీ. ఇటివ్వండి, తుడిచేస్తాను. ఈ ఏడు ఎవరికైనా కావాలిగా."

"ఉండనీ అమ్మా. నేను చూసుకుంటాను."

ఆ పిల్ల వీధి మలుపు తిరిగే దాకా చూశాను. తిరిగి చూడలేదు. లోపలికొచ్చి కప్పులు కడిగాను. కుర్చీలు సర్ది, బల్ల గోడకి తోసేశాను. బూట్లు ఒక్కటే మిగిలాయి. వెనకగుమ్మంలో కూర్చుని, తడిగుడ్డ, బ్రష్షు, పాలిష్ డబ్బా పక్కన పెట్టుకున్నాను. డబ్బా మూత తీస్తే లోపల పాలిష్ కూడా ఎండి నెర్రెలిచ్చి ఉంది. ఒక బూటు ఒళ్లోకి తీసుకున్నాను. బురద మీద ఆ పిల్ల లేసు విప్పినప్పటి వేలిగుర్తు అలాగే ఉంది.

డబ్బా మూత పెట్టేశాను. బూట్లు తీసుకెళ్లి బల్ల కింద ఎక్కడివక్కడే పెట్టాను. గుడ్డ పిండి తీగ మీద ఆరేసి, తలుపు దగ్గరగా వేసి, పడుకున్నాను.